అక్క కేకా, కరెంటు ఆటో

నేను నౌపడ వెళ్లింది విహారానికి కాదు, అక్కతో దెబ్బలాటకి. మాది సముద్రం ఒడ్డు ఊరు. టాక్సీ నడుపుకుంటూ నేను శృంగవరపుకోటలో ఉండిపోతే, అక్క పైడమ్మ నౌపడ దగ్గర చేపలమ్ముతోంది. ఏళ్ల తరబడి బావ నడిపే డీజిలు ఆటోలో, ఆ పొగలోనే తిరిగింది. కిందటేడు దగ్గు ముదిరితే డాక్టరు తేల్చేశాడు: పొగైనా మానాలి, వ్యాపారమైనా మానాలి. డీజిలు ఆటో అప్పుడే ఆపేసి, ఈ వారమే బావ కరెంటు ఆటో కొన్నాడు. "బొగ్గు ఆటో అను" అని నేను ఫోన్లో ఎకసెక్కమాడాను. "వొచ్చి సూసి కూయరా" అంది అక్క. నా డీజిలు కారూ మార్చే వేళయింది. ఏది కొనాలో తేల్చుకోవాలని బయల్దేరాను.

ఉదయం ఆరింటి బస్సుకి విజయనగరం. అక్కడ ఇడ్లీ తినండి, అల్లం చట్నీకి మాత్రం నీళ్లు దగ్గర పెట్టుకోండి. పలాస పాసింజరుకి టిక్కెట్టు తీసి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డానో లేదో, బొగ్గు గూడ్సు దూసుకుపోయింది. పక్కనున్న ఆమదాలవలస రైతామె చీర దులుపుకుంది.

"ఏటి బాబూ, ఈ నల్ల దుమ్ము?"

"కరెంటు కోసం బొగ్గమ్మా."

"కరెంటు తెల్లగుంటాది కదా బాబూ!"

నవ్వొచ్చింది. అక్కతో వాదనకి ఇది చాలనుకున్నాను. తీరా ఎక్కాక గుర్తొచ్చింది, మా రైలూ కరెంటుదే. దాని పొగ గురించి నేనేనాడూ ఎవరితోనూ దెబ్బలాడలేదు.

నౌపడలో దిగేసరికి పదకొండు కావస్తోంది. ఆటో కోసం చూస్తుంటే బావ వెనక నుంచి భుజం తట్టాడు. బండి వచ్చిన చప్పుడే లేదు! ఉప్పుమడుల మధ్య పోతుంటే కొంగల రెక్కల చప్పుడు, ఉప్పు లాగే పలకల గరగర అన్నీ వినిపించాయి. ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో, ఎన్నడూ వినలేదు.

"బండి భలేగుంది బావా. మరి మొహం అలాగుందేటి?"

"మొదటి రోజు ఒక్క సేపా అమ్ముడవనేదురా అప్పన్నా."

పాత ఆటో దడదడ వినగానే ఊళ్లలో ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారట. ఇది పిల్లిలా వీధి దాటిపోయింది, ఎవరికీ తెలియలేదు. "మైకు పెడతానంటే మీ అక్క ఒప్పదు. డబ్బా పిలిస్తే బేరం డబ్బాతో ఆడతారా అంటాది. తనే కేకేస్తాదట, ఎయ్యలేకపోతే యాపారం మానేస్తాదట. ఊపిరి సాల్తాదా?"

మర్నాడు పొద్దున్నే వాళ్లతో వెళ్లాను. మొదటి వీధిలో బండి ఆగింది. అక్క దిగి, చెంగు నడుముకి దోపి, గుండెల నిండా గాలి పీల్చింది. బావ తల వంచేసుకున్నాడు.

"సేపలో... కవళ్లో... రండో!"

వీధి చివరిదాకా పోయింది కేక. మళ్లీ వేసింది. దగ్గు రాలేదు.

"ఒసే పైడీ, నీ గొంతు ఇని ఎన్నాళ్లయిందే!" అంటూ ఒకామె గిన్నెతో వచ్చింది, ఆమె వెనక మరికొందరు. సంతోషం పట్టలేక నేనే ఆ కవళ్ల చేపల్ని కుప్పలు పెట్టడానికి దిగిపోయాను. కుప్పలు పెద్దవైపోయాయని అక్క తిట్టింది.

కవళ్ల పులుసుతో అన్నం తింటూ నా వాదన తీశాను. "పొగ పోలేదక్కా. బొగ్గు కాల్చే ఊరికి మారింది. బ్యాటరీలకీ ఎక్కడో నేల తవ్వేస్తన్నారు."

అక్క చెయ్యి ఆపింది. "అయితే ఆ ఊళ్లో నాలాంటి ఆడది దగ్గుతన్నాదా?"

"ఉండొచ్చు."

"మరి ఆ పొగా తగ్గించమని అడగాల. అందాకా నన్ను మళ్లీ డీజిల్లో కూకోమంటావేటి?"

ఇంకో ముద్ద కలుపుకున్నాను.

మధ్యాహ్నం బండికి తిరుగు ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. కరెంటు బండి పాలంత తెల్లనిదేం కాదు. అయినా మొత్తమ్మీద డీజిలు కన్నా మేలే. కరెంటు రేపు ఎండతోనో గాలితోనో వస్తే, అదే బండి ఇంకా శుభ్రపడుతుంది. నా కారు ఎంత తుడిచినా డీజిలే. అసలు పని లేకుండా తిరక్కపోవడం అన్నిటికన్నా మేలు, టాక్సీవాణ్ణి, నేననకూడదు గాని.

విజయనగరంలో దిగి బావకి ఫోన్ చేశాను. "నేనూ కరెంటు కారే కొంటానని అక్కకి చెప్పు."

"ఉండు, సాయంత్రం బేరంలో ఉన్నాది, ఇస్తాను" అన్నాడు.

వెనక నుంచి వినిపించింది, "సేపలో..."

వద్దన్నాను. ఫోన్ అలాగే చెవికి ఆనించుకుని, శృంగవరపుకోట బస్సు ఒకటి వదిలేసి, పక్క వీధి కేకలు కూడా విన్నాను.