శ్రీమన్నారాయణ చప్పుడు గడి

ఏ పాత్రనైనా ఒకసారి నేలమీద పడేస్తే గానీ శ్రీమన్నారాయణ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడు. గిన్నె, గరిటె, ఇడ్లీ పాత్ర, పోపుల డబ్బా, అన్నిటికీ అదే మర్యాద. నడుమెత్తు నుంచి వదులుతాడు. కళ్లు మూసుకుని, చెవి ఒక పక్కకు వంచి, చప్పుడు పూర్తిగా చచ్చేదాకా వింటాడు. ఆ తర్వాతే కీబోర్డు మీద చెయ్యి వేస్తాడు.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన రాజారత్నం పాత్రల గోడౌను ఉంది. కింద సరుకు, మేడ మీద ఆన్‌లైన్ విభాగం. విభాగమంటే రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను గాలి తగిలే కుర్చీలో హృషీకేశ్. ఎంబీఏ చదివిన హృషీకేశ్ తనకు తానే ‘క్యాటలాగ్ హెడ్’ అని పేరు పెట్టుకున్నాడు. ఆ తలకాయ కింద ఉన్న మొండెం, కాళ్లు, చేతులు అన్నీ శ్రీమన్నారాయణే.

పని మరీ కష్టమైనదేమీ కాదు. సాఫ్ట్‌వేర్‌లో ముందు సరుకు రకాలు పెట్టాలి: పళ్లెం, గిన్నె, మూత. ఏ రకం గురించి ఏమేం చెప్పాలో దానికి గళ్లు పెట్టాలి. పళ్లేనికి వెడల్పు, బరువు. మూతకు పిడి ఉందా లేదా. గళ్లన్నీ నింపితే సరుకు అమ్మకానికి సిద్ధం. హృషీకేశ్ ఇదంతా అమర్చి, అలసిపోయి, సెలవు మీద పోయి వచ్చేసరికి ప్రతి రకానికీ కొత్త గడి ఒకటి మొలిచి ఉంది. ‘చప్పుడు.’ ఎంచుకోవడానికి జవాబులు కూడా ఉన్నాయి: ఠంగ్, గలగల, దబ్, టిక్. పైగా పక్కన ఎర్ర చుక్క. అంటే, ఆ గడి నింపనిదే సరుకు ముందుకు కదలదు.

“ఇదేంది స్వామీ?”

“చప్పుడు సార్. కిందపడితే యెట్ల మోగుతాదో.”

“కొనేవాళ్లు అది ఎవురడుగుతారు?”

“అడగరు సార్. కొన్నాక పడేసుకుంటారు.”

ఎంబీఏలో పడేసుకోవడం మీద పాఠం లేదు. ఎర్ర చుక్క తీసేసే అధికారం హృషీకేశ్‌కు ఉంది. ఎక్కడ తీయాలో మాత్రం తెలియదు. అడిగితే పరువు పోతుంది. అందుకని ఊరుకుని, సిబ్బందికి స్వేచ్ఛ ఇస్తున్నానని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

ఆ స్వేచ్ఛ రోజంతా మోగేది. కింద ప్యాకింగ్ చేసే జెస్సీ హెల్మెట్ పెట్టుకుని పనిచేసేది.

“సామీ, ఇప్పుడు పడింది ఏందీ?” అని కింద నుంచి కేకేసేది.

“సాంబారు గిన్నె. ఠంగ్!”

“నా గుండె కూడా అంతే!”

పక్క లాడ్జిలో, కొండ దిగివచ్చి పడుకున్న ఒక పెద్దాయన ఇదేదో గంటల సేవ అనుకుని మంచం మీదే దణ్ణం పెట్టుకున్నాడట.

శ్రీమన్నారాయణ మనుషుల్ని కూడా వదలలేదు. రాజారత్నం ఠంగ్. జెస్సీ దబ్, ఒక్క మాట అని వదిలేస్తుంది కాబట్టి.

“మరి నేను?” అన్నాడు హృషీకేశ్, అడిగీ అడగనట్టు.

“మీరు గలగల సార్.”

ఆ రోజంతా హృషీకేశ్ కాలు నేలమీద నిలవలేదు. గలగల అంటే సెలయేరు. తన మాటకారితనాన్ని ఇన్నాళ్లకు ఒకరు గుర్తించారు. మర్నాడు సాఫ్ట్‌వేర్‌లో ఆ జవాబు పక్కనున్న వివరణ కంటబడింది: ‘ఊరికే దొర్లుతూ మోగేది. ఒక పట్టాన ఆగదు.’

ఇలా నవ్వుకుంటూ సాగుతుండగా ఒక పెద్ద ఆన్‌లైన్ కంపెనీ రాజారత్నం సరుకంతా తన దగ్గర అమ్మిపెడతానంది. సోమవారానికి క్యాటలాగ్ పంపాలి. శనివారం రాజారత్నం మేడెక్కి చూస్తే సగం సరుకు ఎర్ర చుక్క దగ్గరే ఆగిపోయి ఉంది.

“ఏమప్పా హృషీ, ఇవన్నీ ఈడనే పండుకొనుండాయేంది?”

“చప్పుడు గడి నిండలేదన్నా. ఇంకా పడేయాల.”

“పడేయాలనా? నేను పాత్రలు అమ్ముతాండానా, మేళం పెట్టినానా? సోమవారానికి ఆ గడన్నా పోవాల, పడేసే ఆయప్పన్నా పోవాల. పోయి నువ్వే చెప్పు. హెడ్డువి కదా!”

ఆదివారం పగటిపూట శ్రీమన్నారాయణ ఫోనెత్తడు. కాబట్టి హృషీకేశ్ ఆటో ఎక్కాడు. ఉద్యోగానికి ఎసరొచ్చిందని చెప్పడానికి ఉత్త చేతులతో పోవడం బాగుండదని ఒక కొత్త స్టీలు చెంబు పట్టుకున్నాడు. దారి పొడవునా ‘మనమంతా ఒక కుటుంబం’ అని మొదలయ్యే ఉపన్యాసం వల్లెవేశాడు.

శ్రీమన్నారాయణ ఇంటి గేటు కిర్రుమనలేదు, బందులకు నూనె వేసి ఉంది. కాలింగ్ బెల్లుకు వైరు లేదు. తలుపు తట్టబోయే లోపే అది తెరుచుకుంది. శ్రీమన్నారాయణ పెదవి మీద వేలు పెట్టుకుని అతణ్ణి వంటగదిలోకి నడిపించాడు.

“మా యింటామె పండుకొనుండాది సార్,” అన్నాడు గుసగుసగా, పక్కనున్న కర్టెను వైపు చూపించి. “ఆస్పత్రిలో నర్సు. ఎప్పుడూ రాత్రి డ్యూటీలే. పగలే నిద్దర.”

పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. ఆఫీసులో భూకంపం పుట్టించే మనిషి ఇక్కడ గరిటెను నిద్రపోయే పసిబిడ్డను దించినట్టు దించుతున్నాడు. గిన్నె మీద మూత పెడితే, పెట్టిన సంగతి గిన్నెకే తెలిసినట్టు లేదు.

“పెండ్లయిన కొత్తల్లో నా చేతిలో పళ్లెం జారింది సార్. వకుళ ఎవురో పేషెంటు మంచం మీంచి పడినాడనుకోని నిద్దట్లోనే వాకిలి దాకా పరిగెత్తింది. అప్పట్నుంచి పడేసి చూసినాకే కొంటాను. అంగడోళ్లు తిడతారు, అయినా కొంటాను. మరి ఆన్‌లైన్లో కొనేవాళ్లు యాడ పడేసి చూస్తారు సార్? మన ఊర్లో రాత్రి డ్యూటీ లేని కొంప యాడుండాది? బస్సులు, లాడ్జీలు, కొండ మీద పనులు... వాళ్లు పగలు నిద్దర పోవద్దా?”

హృషీకేశ్ నోట్లో తిరుగుతున్న కుటుంబం కాస్తా గొంతులోకి జారిపోయింది. దానితోపాటు చేతిలోని చెంబు కూడా జారింది.

అది నేలకు తగిలి, స్టూలు కింద దూరి, గోడకు కొట్టుకుని, వెనక్కి తిరిగి, గలగలా దొర్లి దొర్లి ఆగింది. కర్టెను వెనక నుంచి నిద్రమత్తు గొంతు వినిపించింది.

“ఏమండీ... ఇది మనింటి చప్పుడు కాదే. ఎవురొచ్చినారు?”

“మా సార్.”

“ఓ... గలగల సారా,” అని వకుళాదేవి అటు తిరిగి పడుకుంది.

హృషీకేశ్ చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. చెప్పాల్సింది చెప్పలేదు. నేరుగా ఆఫీసుకు పోయి, అవమానం దిగమింగి సాఫ్ట్‌వేర్ వాళ్లకే ఫోన్ చేసి, ఎర్ర చుక్క ఎక్కడ తీయాలో నేర్చుకున్నాడు. ఇన్నాళ్లూ కళ్లెదుటే ఉన్న మీట అది. చుక్క పోగానే ఆగిన సరుకంతా కదిలింది. ఆ పెద్ద కంపెనీ ఫారంలో చప్పుడు గడి లేదు గానీ, ‘ప్రత్యేకతలు’ అని ఖాళీ గడి ఒకటి ఉంది. నింపినంతవరకు చప్పుళ్లన్నీ అందులోకి చేరాయి. టిక్ అన్నవాటికి హృషీకేశ్ సొంతంగా ఒక ముక్క కలిపాడు: ‘పగలు నిద్రపోయేవారి ఇళ్లకు అనువైనది.’

సోమవారం రాజారత్నం మెట్ల కింద నుంచే అడిగాడు.

“క్యాటలాగ్ పోయిందా?”

“పోయిందన్నా.”

“ఆయప్ప?”

మేడ మీద ఠంగుమంది. రాజారత్నం రెండు చెవులూ మూసుకుని వెనక్కి తిరిగాడు.

హృషీకేశ్ కుర్చీని ఈడ్చకుండా ఎత్తి, మెల్లగా పెట్టి కూర్చున్నాడు. శ్రీమన్నారాయణ కళ్లు మూసుకుని, చెవి వంచి విన్నాడు.

“సార్, మీ గడి మార్చేసినా.”

“టిక్కా?” అన్నాడు హృషీకేశ్ ఆశగా.

“దబ్. టిక్కు శానా దూరముండాది సార్.”