మడిచీర మీద నెత్తురు

మొన్న మెడిసిన్ చదివే మా మనవరాలు, "అమ్మమ్మా, రోగిని కాపాడటానికి డాక్టరు అబద్ధం చెప్పొచ్చా?" అని అడిగింది. పరీక్షలో వస్తుందట. నాకు మాత్రం హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో మా ఇంటి కింది వాటా, అందులోని స్పిరిటు వాసన గుర్తుకొచ్చాయి.

ఆ వాటాలో మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవ డాక్టరమ్మ దవాఖాన నడిపేది. సూది పట్టే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. అబద్ధం ఆమె నోట రాదు. పిల్లలతో కూడా "నొప్పి పెడ్తది బిడ్డా, జర ఓర్చుకో" అనేది. ఇక వాళ్లు సూది తగలకముందే ఇల్లెగిరిపోయేలా అరిచేవాళ్లు. పై వాటాలో మా నాయనమ్మది మరో లోకం. మడి కట్టుకుందంటే నన్ను కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. ఈ ఇద్దరి పట్టుదలలు చెప్పుకుని వీధి వీధంతా నవ్వుకునేది.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం అట్టుడికిన ఏడాది, నేను కాలేజీలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఆబిడ్స్‌లో రాళ్లు లేచాయి, బస్సు తగలబడింది. దవడ చీలిపోయిన ఒకాయన వచ్చి మా గుమ్మంలో పడ్డాడు. "కాపాడండమ్మా, మీకు పుణ్యముంటుంది" అన్న ఆ ఒక్క మాటతో కోస్తా మనిషని తెలిసిపోయింది. డాక్టరమ్మ కుట్లు వేస్తుండగానే సైకిల్ చెయిన్లు, ఇనుప రాడ్లతో మూక వచ్చిపడింది.

"వాడు ఆంధ్రోడా కాదా? నువ్వు అబద్ధమాడవు గద, చెప్పు."

ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. "నా పేషెంటు. గంతే."

కాదని అనలేదు గనక ఔననే వాళ్లు తేల్చుకున్నారు. రాడ్డు ఆమె కుడిచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మెట్ల మీదున్న నాకు వినిపించింది. అప్పుడే నన్ను తోసుకుంటూ నాయనమ్మ దిగింది, తడి మడిచీరతో. "మా చెల్లె కొడుకురా వాడు!" అని అరుస్తూ నేలమీద కూలబడి, నెత్తురోడుతున్న ఆ తలను ఒళ్లోకి లాక్కుంది. మూకలో ఒకడు తటపటాయించాడు. "ముసలమ్మ మడిల ఉన్నదిరా. పరాయోని కోసమైతే మడి చెడగొట్టుకోదు" అన్నాడు. మందుల బీరువా అద్దాలు పగలగొట్టి మరీ పోయారు, దుర్మార్గులు.

డాక్టరమ్మ ఏడ్చింది, నొప్పికి కాదు. "నేను ఒక్క అబద్ధం ఆడితే అయిపోతుండె గద అమ్మా."

"నువ్వాడితే రేపు నీ మందునెవరు నమ్ముతరు బిడ్డా? నాదేముంది, తానం చేస్తా" అంది నాయనమ్మ.

ఆ మనిషి బతికాడు. డాక్టరమ్మ కుడిచెయ్యి మాత్రం మళ్లీ కుట్లు వేయలేదు. నాకు ఆ మూక మీద ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు నా వయసు అప్పటి నాయనమ్మ వయసు దాటింది. మడి పోయింది, ప్రార్థన నాకెప్పుడూ లేదు. కాలం అన్నిటినీ సులువు చేసేసింది. అలాంటి మూక రేపు నా గుమ్మంలోకొస్తే, నా మాట నమ్మించడానికి తెంచుకోదగ్గ నియమం ఒక్కటీ నా దగ్గర లేదు.