మెడ మీద కరెంటు

బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువుల కాపలాదారు చిట్టిబాబుకి ఒకప్పుడు కరెంటంటే లెక్కలేదు. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ల హోరులోనే హాయిగా కునుకు తీసేవాడు. ఒక వానాకాలం ఉదయం, ఆగిపోయిన ఏరేటర్ని తిరిగి వేద్దామని తడిచేత్తో స్విచ్ బోర్డు ముట్టుకున్నాడు. షాకు అతన్ని విసిరికొట్టింది. మెడ సిమెంటు తూముకి తగిలింది. ప్రాణం దక్కింది గాని, వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పూర్తిగా, చేతివేళ్ళు దాదాపుగా చచ్చుబడిపోయాయి.

అప్పటినుంచి ఇంట్లో ఫ్యాను స్విచ్ టక్కుమన్నా గుండె ఝల్లుమనేది. భార్య దుర్గ అన్నం కలిపి పెడుతుంటే తలెత్తకుండా తినేవాడు.

ఏడాది దాటాక దుర్గ అతన్ని విజయవాడలో ఒక ఫిజియోథెరపీ సెంటరుకి తీసుకెళ్ళింది. కోతలేవీ లేకుండా మెడ వెనక చర్మం మీద బిళ్ళలు అంటించి సన్నగా కరెంటు పంపుతామనీ, అప్పుడు వేళ్ళు కదపడం సాధన చేస్తే కొందరికి కొంత పట్టు వస్తుందనీ అక్కడి ఫిజియోథెరపిస్టు కీర్తన చెప్పింది. తప్పకుండా వస్తుందని మాటివ్వలేనని కూడా అంది. కరెంటు అన్నాక చిట్టిబాబుకి మరో మాట చెవికెక్కలేదు. ఇంటికెళ్ళిపోదామని దుర్గని బతిమాలాడు.

"మీరు ఆపమన్న క్షణమే ఆపేస్తానండీ. ఎన్నిసార్లయినా సరే," అంది కీర్తన.

మొదటిరోజు మిషన్ వేయకముందే ఆపమన్నాడు. మరోసారి, మెడ జిల్లుమనగానే. ఆమె ప్రతిసారీ ఆపింది. ఆనాడు చెరువు గట్టున అరవడానికి కూడా నోరు పెగల్లేదు. ఇక్కడ తన మాటకి కరెంటు ఆగుతోంది. ఆ ధైర్యంతోనే చివరికి పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. మెడలో చీమలు పాకాయి. దుర్గ అతని అరచేతిలో తన వేలు పెట్టింది. అతని వేళ్ళు వణుకుతూ దానిచుట్టూ ముడుచుకున్నాయి.

అతను కీర్తన వైపు చూశాడు. "పట్టుకుంది నేనా మేడమ్‌గారూ, కరెంటా?"

"మీరేనండీ. మీ మెదడు చెప్పింది చేతికి అందడానికి అది సాయం చేసిందంతే."

మిషన్ ఆపగానే పట్టు సడలిపోయింది. తిరుగు ప్రయాణమంతా అతను తన వేళ్ళనే చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ పోవడానికేమీ మిగల్లేదనుకున్నాడు. ఇప్పుడు ఆ కాస్త పట్టూ మళ్ళీ రాదేమోనన్న దిగులు పట్టుకుంది.

కొన్ని నెలల తర్వాత మిషన్ లేకుండానే చెంచా పట్టుకున్నాడు. సగం అన్నం ఒళ్ళో పడినా దుర్గని తుడవనివ్వలేదు. కాళ్ళలో మాత్రం కదలిక రాలేదు. సాధన మానలేదు. బిళ్ళలు అంటించేటప్పుడు ఇప్పటికీ అతని పెదాలు వణుకుతాయి. దుర్గని ఎదురుగా కూర్చోమని, ఆమెనే చూస్తూ, కీర్తనని మొదలుపెట్టమంటాడు.