ఎందుకంటే దగ్గర ఆగిన వాక్యం

ఆంటీ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను కానింగ్ వేల్‌లో మార్కెట్ బయట కూరగాయలు కారులో సర్దుకుంటున్నాను. ఆంటీ కూతురు, ఈ పరాయి దేశంలోనే పుట్టిన పిల్ల, ఫోన్ చేసి, "మమ్మీ ఈజ్ గాన్, అక్కా" అని మాత్రం అంది. కొత్తిమీర కట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆంటీ మా ఆఫీసులో సీనియర్. గోధుమ పొలాల్లోని బోర్ల నీళ్ళు ఏటేటా ఎంత ఉప్పెక్కుతున్నాయో విశ్లేషించడం మా పని. ఆ లెక్కలు కట్టే కంప్యూటర్ కోడ్, దాని వివరణ ఒకే ఫైల్లో ఉండాలనేది ఆవిడ పట్టుదల. ముందు నాలుగు మాటలు, వాటి కింద కోడ్. "రెండింటినీ వేరు కాపురం పెట్టించావో, నెల తిరిగేసరికి ఒకదాని మాట ఇంకోటి వినదు అమ్మాయ్" అనేవారు.

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. నా వివరణల్లో పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు చూసి ఆంటీ నవ్వారు. "ఇది మీ అమ్మకి ఫోన్లో చెప్పు. ఆవిడకి అర్థమైందే రాయి." చెప్పాను. "బోర్లో ఉప్పునీళ్ళా? మన రొయ్యల చెరువుల పక్కన పడ్డట్టేనా?" అంది అమ్మ. స్పీకర్లో విన్న ఆంటీ, "చూశావా, మీ అమ్మ పాసయింది. ఇక నువ్వే మిగిలావు" అన్నారు.

శుక్రవారం ఆర్వో, అంటే ఇక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నం, అయితే చాలు, అన్నీ మూసేసి ఫైలు మొదటినుంచి నడిపించమనేవారు. "నీ ముందు నడవడం కాదు, నువ్వు లేనప్పుడు నడవాలి."

చివరిసారి ఆసుపత్రిలో ఆంటీని చూడ్డానికి వెళ్ళేసరికి ఆవిడ ల్యాప్‌టాప్ దుప్పటి మీదే ఉంది.

"ఈసారి కోడ్ ముందు రాసేశానే. మూడు బోర్లు లెక్కలోంచి తీసేశా."

"అయ్యో ఆంటీ, మీరేనా! కారణం?"

"సగం రాశా, ఓపిక చాల్లేదు. ఉండు, చెబుతా..."

ఇంతలో నర్సు వచ్చి మందు ఎక్కించింది. ఆంటీ నిద్రలోకి జారిపోయారు. మళ్ళీ మాట్లాడలేదు.

ఆ ఫైలు చక్కగా నడుస్తుంది. ఆ మూడు బోర్లూ లేకపోతే గ్రాఫులో ఉప్పు గీత దాదాపు సమంగా పోతుంది, నీళ్ళకు ఫర్వాలేదన్నట్టు. ఉంటే నిటారుగా లేస్తుంది. రైతులకు ఏ గీత చూపించాలి? ఆవిడ మెయిళ్ళన్నీ వెతికాం. కొలతలు తీసినవాళ్ళను అడిగాం. ఎవరికీ తెలియదు. కారణం లేకుండా తీసేయలేం, ఆవిడ ఊరికే తీసేశారనీ అనుకోలేం. మేనేజర్ ఆ రిపోర్టు ఆపేశారు. ఆ పొలాలవాళ్ళు ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. వాళ్ళకు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు, ఉంటుందన్న ఆశా లేదు.

నిన్న అమ్మ అడిగింది: "అయితే ఆ మూడు బోర్లూ ఎందుకు తీసేసిందంట?"

"తెలీదమ్మా."

"చెప్పకుండా వదిలే మనిషి కాదు కదే ఆవిడ" అంది.

ఈ శుక్రవారం కూడా అన్నీ మూసేసి ఆ ఫైలు మొదటినుంచి నడిపించాను. ఎక్కడా ఆగలేదు. కిందిదాకా వెళ్ళి గీత గీసింది. మధ్యలో ఆవిడ వాక్యం అలాగే ఉంది: "ఈ మూడు బోర్లను వదిలేస్తున్నాం, ఎందుకంటే". ఆ తర్వాత తెల్లటి ఖాళీ. దాని కింద ఏ తప్పూ లేని కోడ్.