తడి డ్రమ్ములో నూనెగుడ్డలు: నెల్లిమర్ల దారిలో ఒక శనివారం

ఈ ప్రయాణం ఒక ఫోనుతో మొదలైంది. నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు పర్యావరణ శాస్త్రం చెబుతాను. నెల్లిమర్ల అవతల గోగునార తాళ్లు పేనే చిన్న ఫ్యాక్టరీ ఒకటుంది. పాత షెడ్డులో పని సాగుతుండగానే పక్కన కొత్త షెడ్డు కడుతున్నారు. రెండుచోట్లా పోగుపడే చెత్తను ఎలా వేరుచేయాలో రాసిమ్మంటే, కొన్ని నెలల క్రితం రాసిచ్చాను. డ్రమ్ములకు అంటించిన బోర్డుల మీది మాటలూ నావే. మొన్న అక్కడి సూపర్‌వైజర్ ప్రకాశరావుగారు ఫోన్ చేశారు. ఎరువు గుంత కంపు కొడుతోందట, వానపాములన్నీ చచ్చిపోయాయట. గుంత చూసుకునే పైడమ్మకు పని చేతకావడం లేదు, శనివారంతో మానిపించేస్తున్నామన్నారు. పైడమ్మ నాకు తెలుసు. మట్టిని పసిబిడ్డలా చూసుకునే మనిషి. ఆమెకు చేతకాలేదంటే నమ్మబుద్ధి కాలేదు. అయితే నా నమ్మకాలను నేనే పూర్తిగా నమ్మను కాబట్టి, వెళ్లి చూడాలనుకున్నాను.

పిల్లలకు ఫ్యాక్టరీ చూపించాలనుకునే టీచర్ల కోసం దారి కూడా చెబుతున్నాను. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఉదయం ఆరుంబావుకు విజయనగరం బస్సు ఎక్కాను. టికెట్ వంద రూపాయల చుట్టుపక్కల. నాతవలస దగ్గర హైవే వదిలాక రోడ్డు ఇరుకైంది, గాలి చల్లబడింది. ఎనిమిది దాటాక విజయనగరంలో దిగి, రెండు ఇడ్లీలు తిని, నెల్లిమర్ల షేర్ ఆటో ఎక్కాను. ఇరవై రూపాయలు. అక్కడి నుంచి ఫ్యాక్టరీ దాకా అదే ఆటోను మాట్లాడుకున్నాను, ఇంకో ఎనభై.

"అక్కడేటున్నాదమ్మా సూడ్డానికి?" అన్నాడు డ్రైవరు.

"చెత్త," అన్నాను.

అతను వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "సెత్త సూడ్డానికి సికాకులం నుంచొచ్చినారా? మా ఇంటికొచ్చుంటే ఊరికే సూపించీవోణ్ణి గదా."

తొమ్మిదిన్నరకు గేటు దగ్గర దిగాను. క్యాంటీన్ వెనక గుంత పక్కన పైడమ్మ కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి, నన్ను చూడగానే లేచింది. "టిఫినీ సేసినారా?" అని అడిగాకే తన కష్టం చెప్పింది. ఆ ఎరువుతో వేసిన ఆనప పాదు ఆకులు పసుపురంగుకు తిరిగి వేలాడుతున్నాయి.

"నీల్లెక్కువైనాయేమో అని రెండ్రోజులు ఆపినాను. తక్కువైనాయేమో అని మల్లీ పోసినాను. సేత్తో ముట్టుకుంటే సాలు, మట్టి బాగున్నాదో లేదో నాకు తెలిసిపోయీది. ఇప్పుడేటీ తెలస్తన్లేదమ్మా. పట్టుకుంటే జారిపోతన్నాది."

జారిపోతోంది అన్న మాట దగ్గర ఆగాను. ఆమె అరచేయి వాసన చూశాను. కుళ్లు వాసన కింద మెషీన్ ఆయిల్ వాసన ఉంది.

పాత షెడ్డుకు వెళ్లి, రోజూ గుంతలోకి ఒంపే "తడి" అని రాసిన డ్రమ్ము మూత తీశాం. పైన అన్నం, కూర తొక్కలు. కర్రతో కదిపితే కింద నూనెగుడ్డలు, ఒకటి కాదు, అరడజను. మెషీన్లు చూసే ఫిట్టరు సూరిబాబును పిలిస్తే, మరో గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇవి ఇందులో ఎందుకు వేశావు బాబూ?"

"తడి అని రాసున్నాది గదా మేడం. తడిగుడ్డ తడి డబ్బాలో ఏసినాను." నా మొహం చూసి కాస్త తగ్గాడు. "నూనె తడి కాదేటి?"

కొత్త షెడ్డు దగ్గరి "పొడి" డ్రమ్ము కూడా తెరిచాను. కాగితాలు, అట్టపెట్టెలు ఉండాల్సిన చోట సగం దాకా సిమెంటు దుమ్ము, ఇటుక పిండి. మేస్త్రీ దగ్గర పనిచేసే ఆవిడ నన్ను చూసి గర్వంగానే చెప్పింది. "ఒక్క రవ్వ బయట పడనీలేదమ్మా. పొడంతా అందులోనే ఎత్తినాం."

ఆఫీసు గదికి నడిచిన ఆ కాస్త దూరంలో, ఇలాంటి నివేదికల్లో రాసే వాక్యం ఒకటి నాకు తోచింది: కార్మికులకు అవగాహన కల్పించాలి. అది రాస్తే నా పరువు నిలుస్తుంది, పైడమ్మ పని పోతుంది. ఒప్పుకుంటున్నాను, రెండు అడుగుల దూరం ఆ వాక్యాన్ని మోశాను.

"తప్పు పైడమ్మది కాదండి, సూరిబాబుదీ కాదు. బోర్డు రాసింది నేను," అన్నాను ప్రకాశరావుగారితో.

"మీరు రాసింది సరైన తెలుగే కదా మేడం?"

"సరైనదే. వాళ్లు చదివిందీ సరైనదే."

ఆయన లేచి వెళ్లి రెండు డ్రమ్ముల్లోకీ తొంగిచూశారు. తర్వాత మాతో గుంత దగ్గరికి వచ్చారు. ఏం చేయాలో అక్కడే చెప్పాను. నూనె పట్టిన మట్టిని తోటలో వేయకూడదు, తవ్వి డ్రమ్ముల్లోకెత్తి, వాడిన ఆయిల్‌ను తీసుకెళ్లే లైసెన్సు ఉన్నవాళ్లకే అప్పగించాలి. నూనెగుడ్డలకు మూత ఉన్న ఇనుప డ్రమ్ము వేరే పెట్టాలి. పాదు పీకేయాలి. ఆ చివరి మాటకు పైడమ్మ తల తిప్పుకుంది. కొత్త బోర్డుల మీద ఏం రాద్దామని ఈసారి ఆమెనే అడిగాను.

"రాతలొద్దమ్మా. ఒక డబ్బాకి కాలీ ఆయిల్ డబ్బా కట్టీండి. ఇంకోదానికి వంకాయ తొడిం కట్టీండి. సూసి ఏస్తారు."

"తొడిం రేపటికి ఎండిపోతాది పిన్నీ," అన్నాడు సూరిబాబు. "అప్పుడదీ పొడే."

"అయితే రోజూ కొత్తది కడతాను. ఎక్కడికి పోతాన్రా నాను?"

ఆ మాట ఆమె సూరిబాబుతో అంది, చూపు మాత్రం ప్రకాశరావుగారి మీదే. ఆయన గొంతు సవరించుకుని, "తొడిమలు క్యాంటీన్‌లో అడుగు," అన్నారు.

మూడు గంటల బస్సులో తిరిగి వస్తూ ఆలోచించాను. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను, పొడి అంటే ఎండినదీ, పిండి అయినదీ రెండూ అని నాకు తెలియక కాదు. క్లాసులో ఎవరూ ఎదురడగలేదు, అంతే. నేను రాసిచ్చిన కాగితాలు ఇంకా ఎన్నిచోట్ల ఎవరి మీద తప్పు మోపుతున్నాయో తెలియదు. పైడమ్మ మళ్లీ పాదు పెట్టేది గుంత బాగుపడ్డాకే, దానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేకపోయాను. అది కూడా ఆమే చెబుతుంది, చేత్తో ముట్టుకుని.

మీరు వెళ్లేటట్టయితే ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకుని, పదింటికి ముందే చేరండి. పదకొండింటికి డ్రమ్ములు ఖాళీ చేసేస్తారు. ఖాళీ చేశాక చూస్తే ఏ ఫ్యాక్టరీ అయినా శుభ్రంగానే ఉంటుంది.