యాభై ఖాళీ గోతులు

మా ఇంట్లో భాగహారం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ గొప్ప ఒక్క వేసవి మాత్రమే నిలిచింది.

ఏడో తరగతి పరీక్షలు రాసి పెదబయలు హాస్టల్ నుంచి సెలవులకి వచ్చేసరికి నాన్న గునపానికి పదును పెట్టించుకుని ఉన్నాడు. ఇంటి వెనక కొండవాలులో కాఫీ వేస్తాడట. తొలి వానలకి కాఫీ ఆఫీసువాళ్ళు మొక్కలు ఊరికే ఇస్తారు. ఈలోగా రెండు మీటర్లకొకటి చొప్పున గోతులు తవ్వి ఉంచుకోవాలి.

"ఎన్ని తవ్వాలో నెక్క కట్టు," అన్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళు నలుగురు కూర్చుని ఉండగా అన్నాడు. కావాలనే అన్నాడు.

దీర్ఘచతురస్రం వైశాల్యంలో నాకు ఆ ఏడు మంచి మార్కులు వచ్చాయి. మేకల తాడుకి స్కేలుతో కొలిచి మీటరుకో ముడి వేశాను. కింద బండరాయి నుంచి పైన పనస చెట్టు దాకా తాడు పట్టుకుని పాకాను. పొడవు యాభై మీటర్లు, వెడల్పు ఇరవై. వెరసి వెయ్యి చదరపు మీటర్లు. మొక్కకి నాలుగు చొప్పున భాగిస్తే రెండు వందల యాభై. జవాబు కింద రెండు గీతలు గీశాను. లెక్క పూర్తయితే అలా గీయాలని మా మాస్టారు చెప్పారు.

నాన్న నెల రోజులు తవ్వాడు. అందులో సగం రాయే.

మొక్కలు సంత రోజున పంచారు. పంచే ఉద్యోగి మా పట్టా చూసి, ఫోన్లో ఏదో నొక్కి, "ఇరవై సెంట్లు. రెండు వందల మొక్కలు," అన్నాడు. రెండు వందల యాభై గోతులు తవ్వానని నాన్న చెప్పాడు.

"ఎవరయ్యా తవ్వమన్నది? లెక్కలు రావా?"

కట్టింది నేను. నోటుబుక్కు నా చంకలోనే ఉంది.

"నానే తవ్వేసినాను బాబూ. నాకు నెక్కలు రావు," అన్నాడు నాన్న. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను నోరు విప్పలేదు. అందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

యాభై గోతులు మిగిలిపోయాయి. వానలకి నిండాయి. కప్పలు చేరాయి. ఒకదాంట్లో పక్కింటి మేక పడి, రెండు రోజులు కుంటి, ఆ ఇంటివాళ్ళకీ మాకూ మాటల్లేకుండా చేసింది. ఊళ్ళో పెళ్ళికి ఎన్ని కుంచాల బియ్యం కావాలన్న మాట వచ్చినప్పుడల్లా, మా నాన్నని మాత్రం అడగొద్దని నవ్వేవారు. నాన్న కూడా నవ్వేవాడు. లెక్క నాదని చెప్పేస్తే ఆ పేరు పోయేది. కానీ ఆడపిల్లని హాస్టల్లో పెట్టి చదివించడం దండగని అప్పటికే అంటున్నారు. నాన్న ఆ పేరు మోస్తున్నది నా చదువు కోసమే. ఆ సంగతి నాకు తెలుసు.

ఎనిమిదో తరగతిలో మాస్టారు బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీశారు. ఏటవాలు గీతని చూపించి, ఇది కర్ణం, మిగతా రెండు భుజాల్లో దేనికన్నా పెద్దదే అన్నారు. ఆ గీత చివర పనస చెట్టు ఒక్కటే తక్కువ.

పట్టాలో భూమిని ఎలా కొలుస్తారని అడిగాను. చదునుగా ఉన్నట్టే కొలుస్తారన్నారు. ఇరవై సెంట్లంటే సుమారు ఎనిమిది వందల చదరపు మీటర్లు. వెడల్పు ఇరవైతో భాగిస్తే నలభై. నా తాడు యాభై. యాభై వర్గంలోంచి నలభై వర్గం తీసేస్తే తొమ్మిది వందలు, దాని వర్గమూలం ముప్పై. ఎవరూ కొలవని మా కొండ ఎత్తు ముప్పై మీటర్లు. రెండు గీతలు గీశాను. ఎందుకేడుస్తున్నావని పక్క పిల్ల అడిగింది. జలుబన్నాను.

వేసవి సెలవుల్లో పెరట్లో పుల్లతో గీసి నాన్నకి చూపించాను. నేను కొలిచింది కర్ణం, కాగితం మీద ఉన్నది భుజం.

"అయితే నువ్వు సేసింది తప్పు కాదేటి గుంటా?"

"కాదు."

"మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాను.

చచ్చిన మొక్కలకి బదులు కొత్తవి ఇస్తున్నారంటే ఇద్దరం వెళ్ళాం. అదే ఉద్యోగి, అదే వరస. "పోయినేడు లెక్క కట్టింది నేనండీ," అని నోటుబుక్కు తెరిచాను. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, లెక్క సరైనదేననీ, మొక్కలు మాత్రం పట్టా ప్రకారమేననీ చెప్పాడు. యాభైలో ఒక్కటీ ఇవ్వలేదు.

నాన్నకి అది పట్టలేదు. తిరుగు దారిలో ఎదురైనవాళ్ళందర్నీ ఆపాడు. పోయినేడు నవ్వినవాళ్ళ ఇళ్ళకి చుట్టు తిరిగి మరీ వెళ్ళాడు. మేక ఇంటికి కూడా వెళ్ళాడు. అందరికీ ఒకటే మాట.

"మా గుంట నెక్కలో తప్పు నేదంట. కొండే వంకరంట."