మా ఇంటికి విలువ కట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు ఎక్సెల్ షీటు మీద ఉన్నంత నమ్మకం మా ఇంట్లో ఎవరి మీదా లేదు. ఇరవై నాలుగేళ్ల వయసు, హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం, మెడలో ఐడీ కార్డు. బాలానగర్‌లో బస్సు దిగి మా గల్లీ చివరిదాకా నడిచి, అందరూ చూశారని రూఢి అయ్యాక గానీ ఆ కార్డు తీసేదాన్ని కాదు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు అడ్మిషన్ ఉత్తరాలు పట్టుకుని "ఏది తీసుకోమంటారు మేడం" అని వస్తే పెద్దమనిషిలా గొంతు సవరించుకుంటాను గానీ లోపల నవ్వొస్తుంది. అలాంటివే మూడు ఉత్తరాలు చేతిలో పెట్టుకుని నేను చేసిన నిర్వాకం తెలిస్తే, వాళ్లు సలహా అడగడం మానేసి నాకే నాలుగు మాటలు చెప్పి వెళ్తారు.

మొదటి ఉత్తరం సముద్రాల అవతలి ఒక పెద్ద విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. దాని పేరు చెబితే ఎదుటివాళ్లు తాగుతున్న టీ కప్పు కింద పెట్టేస్తారు. సీటు ఇచ్చారు, పైసా సాయం ఇవ్వలేదు. రెండోది అదే దేశంలో ఓ చిన్న ఊళ్లోది, ఫీజులో సగం మాఫీ. మూడోది ఇక్కడే, గచ్చిబౌలి వైపున్న ఒక పరిశోధన సంస్థ నుంచి. ఫీజు లేదు, హాస్టల్ వాళ్లదే, పైగా చదువుకున్నందుకు నెలనెలా స్టైపెండ్ ఇస్తామన్నారు. దానికి నేను దరఖాస్తు చేసింది కూడా మా ఆఫీసులో పక్క సీటు అక్క పోరు పడలేక. ఆమెది కడప జిల్లా, ఖాజాగూడలో ఉండేది, నాకంటే ఆరేళ్లు పెద్ద. నా మీద ఆమెకు ప్రేమ ఎక్కువ, నా తెలివి మీద నమ్మకం తక్కువ. (రెండూ సరైన పాళ్లలోనే ఉండేవని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.)

ఆఫీసు పనివేళల్లో, ఆఫీసు కంప్యూటర్‌లోనే, ఈ మూడింటినీ పోలుస్తూ ఒక షీటు తయారుచేశాను. చదువు నాణ్యతకు ఇన్ని మార్కులు, ఊరికి ఇన్ని, వాతావరణానికి ఇన్ని. 'పేరు' అనే గడికి మొదట పది మార్కులు పెడితే, లెక్క తిరిగి గచ్చిబౌలి మొదటి స్థానంలోకి వచ్చింది. ఎక్కడో పొరపాటు జరిగిందని పేరుకు ఇరవై ఇచ్చాను. అయినా కదల్లేదు. నలభై ఇచ్చి, స్టైపెండ్‌కు రెండు ఇచ్చి, మంచు కురవడానికి కూడా అయిదు మార్కులు వేశాక, పెద్ద విశ్వవిద్యాలయం పైకెక్కింది. అప్పుడు దానికి ఆకుపచ్చ రంగు వేసి, లెక్కలు అబద్ధం చెప్పవు కదా అనుకున్నాను. పక్క సీటు అక్క కుర్చీ జరుపుకుని వచ్చి, అంతా చూసి, "అన్నీ బానే పెట్టినావ్ మే, అప్పు గడి యాడుంది?" అని అడిగింది. ఉద్యోగం రాగానే రెండేళ్లలో తీర్చేస్తాను, దానికి గడి ఎందుకన్నాను. రాకపోతే అంది. నేను వెంటనే ఒక గడి తెరిచి, అందులో 'రిస్కు: తక్కువ' అని రాసి, దానికీ ఆకుపచ్చే వేశాను.

కావలసింది నలభై అయిదు లక్షలు. అంత అప్పు ఊరికే ఇవ్వం, ఇల్లు తాకట్టు పెట్టాలంది బ్యాంకు. మా ఇల్లంటే నూట ఇరవై గజాల్లో కింద మేము, పైన ఒక కిరాయి పోర్షను. బాలానగర్‌లో మూడు లేత్ మిషన్ల వర్క్‌షాపు నడిపే మా నాన్న, ఇనుము కోసి కోసి కట్టిన ఇల్లు. ఆయన్ని ఎలా ఒప్పించాలా అని నేను రెండు రోజులు మాటలు కూడబెట్టుకుంటే, సగం కూడా విననివ్వలేదు. "సదువుకు అక్కరకు రాకపోతే ఇల్లెందుకు బిడ్డా" అని, కాగితాలున్న ఇనప్పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టి స్నానానికి వెళ్లిపోయాడు.

ఇక్కడ మా నాన్న గురించి ఒక సంగతి చెప్పాలి. ఆయన మామూలుగా గట్టి మనిషి, గొంతు కూడా మిషన్ల మోతలోనూ వినిపించేంత గట్టిది. కానీ చంకలో ఫైలు పెట్టుకున్న మనిషి ఎవరైనా గడప తొక్కితే చాలు, క్షణంలో నిరుపేద అయిపోయేవాడు. కరెంటు వాళ్లు, పన్నుల వాళ్లు, కొలతల వాళ్లు, రసీదు పుస్తకంతో వచ్చే చందాల వాళ్లు, ఇరవయ్యేళ్లకు పైగా ఇలా ఎంతోమందిని చూసి నేర్చుకున్న విద్య అది. ఫైలు కనబడగానే రెండు మిషన్లు ఆగిపోయేవి. భుజాలు వంగిపోయేవి. "ఏం గిరాకీ సార్, నెల సంది బోణీ లేదు" అనే మాట, ఆయన ప్రయత్నం లేకుండానే బయటికి వచ్చేది. చిన్నప్పుడు ఒకసారి నిజమనుకుని నేను ఏడిస్తే, ఫైలాయన వెళ్లాక నన్ను ఎత్తుకుని బిర్యానీ తినిపించడానికి తీసుకెళ్లాడు.

ఇంటికి విలువ కట్టే ఇంజినీరును పంపిస్తున్నామని బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. శనివారం పొద్దున. అమ్మ ఇల్లంతా కడిగి, కొత్త పరదాలు వేసి, హాల్లో గోడ మీది చెమ్మ మరక కనబడకుండా దాని మీద పెద్ద క్యాలెండరు తగిలించింది. సర్వపిండి చేసింది. నేను నాన్నకు రెండు రాత్రులు ఇంటర్వ్యూ శిక్షణ ఇచ్చాను. ఇల్లు కట్టి పన్నెండేళ్లే అయింది, బోరులో నీళ్లు పుష్కలం, కిరాయి ఒకటో తారీఖున వస్తుంది, అన్నీ కాగితం మీద రాసి జేబులో పెట్టాను. ఆయన బుద్ధిగా అప్పజెప్పాడు కూడా. నాకు ఏ దిగులూ లేకపోయింది.

వచ్చినాయన గోదావరి జిల్లాల మనిషి, మెత్తని మాట, నవ్వు ముఖం. చేతిలో కొలత టేపు. చంకలో ఫైలు. (ఆ ఫైలు చూసినప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది.) లోపలికి వచ్చి నాలుగు వైపులా చూసి, "ఇల్లు చాలా బాగుందండి" అన్నాడు. మా నాన్న భుజాలు వంగిపోవడం నా కళ్లతో చూశాను.

"ఏం బాగ సార్. వానొస్తే రెండు రూములు కురుస్తయి."

నేను దగ్గాను. అమ్మ నాకంటే గట్టిగా దగ్గింది. ఇద్దరికీ జలుబు అనుకున్నాడేమో ఇంజినీరు, జాలిగా చూశాడు. కట్టి ఎన్నేళ్లయిందని అడిగితే నాన్న పాతికేళ్లన్నాడు. బోరు సంగతి అడిగితే ఎండాకాలం గాలి తప్ప ఏమీ రాదన్నాడు. కిరాయి ఎంతొస్తుందని అడిగితే, పైనవాళ్లు ఆరు నెలలుగా ఇవ్వడం లేదని, అడిగితే కొట్లాటకు వస్తున్నారని చెప్పాడు. సరిగ్గా అప్పుడే పై మెట్ల మీద బట్టలారేస్తున్న కిరాయి వాళ్లావిడ, ఒక్క నెలా తప్పకుండా ఒకటో తారీఖున డబ్బులు తెచ్చి ఇచ్చే మహాతల్లి, బకెట్ అక్కడే పెట్టి కిందికి వంగి చూసింది. (ఆమెను శాంతింపజేయడానికి ఆ నెల కరెంటు బిల్లు మేమే కట్టాం.) చివరికి మా నాన్న తన మాటకు సాక్ష్యం కావాలనుకున్నాడో ఏమో, గోడ దగ్గరికి నడిచి, క్యాలెండరు పైకెత్తి, అమ్మ దాచిన మరకను తానే చూపించాడు. ఇంజినీరు దాన్ని ఫోటో తీసుకున్నాడు. "బాధపడకండి మేస్త్రీగారూ, దీనికి మంచి పూత మందు వచ్చిందండి" అని దాని పేరు చీటీ మీద రాసిచ్చి, సర్వపిండి రెండు ముక్కలు తిని, టీ తాగి వెళ్లిపోయాడు.

గేటు వేసి వచ్చి నాన్న తృప్తిగా కుర్చీలో కూర్చున్నాడు. జేబులో కాగితం తగిలినట్టుంది, తీసి చూసుకున్నాడు. "గీయన మనకు పైసలిప్పించెటాయన గదనే" అన్నాడు అమ్మతో, చాలా చిన్న గొంతుతో.

బ్యాంకు ఇస్తానన్న అప్పు సగానికి పడిపోయింది. నేను వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు, తిండి కూడా విడిగా తిన్నాను, అంత గొప్ప కూతుర్ని. ఆయన మాత్రం సోమవారమే ఇస్త్రీ చొక్కా వేసుకుని బ్యాంకుకు వెళ్లి, తాను చెప్పినవన్నీ అబద్ధాలని, ఇల్లు చాలా బాగుంటుందని మేనేజరుకు చెప్పుకున్నాడు. ఏ రోజు చెప్పింది నమ్మమంటారని ఆ మేనేజరు అడిగాడట, కోపం లేకుండానే. మళ్లీ ఇంకో ఇంజినీరును పంపాలంటే నెల పడుతుందన్నాడు. అవతల విశ్వవిద్యాలయం వాళ్లకు డిపాజిట్ కట్టడానికి ఉన్నది తొమ్మిది రోజులు. ఈలోపు ఆఫీసులో నేను వెళ్లిపోతున్నానని అందరికీ చెప్పేసి, కేకు కూడా కోసేసి, అందరూ చందాలు వేసుకుని కొనిచ్చిన రెండు పెద్ద సూట్‌కేసులు ఇంటికి తెచ్చుకున్నాను. ఎటూ తేల్చుకోలేక గడువుకు మూడు రోజుల ముందు, మొదటిసారి కాస్త కోపం దిగి, నాన్నతో మాట్లాడదామని వర్క్‌షాపుకు వెళ్లాను.

అక్కడ ఎవరో బేరగాడు నిలబడి పెద్ద మిషన్‌ను చూస్తున్నాడు. మూడింటిలో అదే అసలైనది, మిగతా రెండూ దాని సంపాదన మీద కొన్నవి. బేరగాడి చంకలో ఫైలు లేదు. నాన్న భుజాలు వంచలేదు, గొంతు మార్చలేదు. మిషన్ బాగుందని, ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా మోసం చేయలేదని చెప్పాడు. అతను చెప్పిన ధర ఎవరు విన్నా చాలా తక్కువ. నాన్న బేరమాడలేదు. "మంచిదన్నా, గంతకే ఇస్త గని, పైసలు రేపటికి కావాలె" అన్నాడు. అన్నేళ్లుగా ఎందరి ముందో బీదవాడిలా నటించిన మనిషి, ఆ రోజు నిజంగానే బీదవాడిగా నిలబడి ఉన్నాడు. అలా నిలబెట్టింది నేను.

నేను వెళ్లి మిషన్ మీద చెయ్యి వేసి, అమ్మడం లేదన్నాను. బేరగాడు నా వైపు, నాన్న వైపు చూసి, ఇంట్లో మాట తేల్చుకుని పిలవండని వెళ్లిపోయాడు. నాన్న కోప్పడ్డాడు, గడువు మించిపోతుందన్నాడు. నేను గచ్చిబౌలిలో చేరుతున్నానని చెప్పాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నేను ఆ నిర్ణయం తీసుకున్నట్టు నాకే తెలియదు. ఆ సాయంత్రం మూడో ఉత్తరానికి సరేనని జవాబు రాశాను. పక్క సీటు అక్కకు ఫోన్ చేస్తే, "ఆ సూట్‌కేసులు యాపొద్దు తెస్తావో చెప్పు, నేనొస్తా" అంది.

రెండు మహా సూట్‌కేసులతో నేను హాస్టల్ గేటు ముందు ఆటో దిగితే, ఏ దేశం నుంచి వస్తున్నారని అడిగాడు సెక్యూరిటీ ఆయన. బాలానగర్ అన్నాను. నన్ను విమానం ఎక్కించేశామనుకున్న మా ఆఫీసు వాళ్లు నెల తిరక్కుండా రోడ్డు మీద టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకుని, అక్కడ చలి ఎలా ఉందని అడిగారు. ఆ నవ్వులు ఏడాది పాటు భరించాను. కానీ ఆ రెండేళ్లలో నాకు పని నేర్పిన మేడం దొరికింది, తప్పు చేస్తే నవ్వకుండా మళ్లీ చేయమనే మనుషులు దొరికారు, ఇవాళ నేను చేస్తున్న పని దొరికింది. అప్పు చేసి వెళ్లిన నా స్నేహితుల్లో బాగా స్థిరపడ్డవాళ్లున్నారు, ఇంకా వాయిదాలు కడుతున్నవాళ్లూ ఉన్నారు. నేను తెలివిగా ఎంచుకున్నానని మాత్రం ఎవరికీ చెప్పను. నాకు అలా కలిసొచ్చింది, అంతే.

అందరికీ చెప్పేది వేరే ఉంది. క్యాలెండరు ఎత్తిన కథ నేను చెప్పని చోటు లేదు. ఆఫీసు విందుల్లో, పెళ్లిళ్లలో, నాన్న గొంతు అనుకరిస్తూ మరీ చెప్పాను. మొన్న వానాకాలంలో తెల్లాపూర్‌లో మా ఫ్లాటుకు స్నేహితులు భోజనానికి వస్తే, అమ్మానాన్నలు కూడా ఉన్నారు, మళ్లీ అదే కథ ఎత్తుకున్నాను. సగంలో నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే అమ్మ నెమ్మదిగా చెప్పింది: "నువ్వు గా ముచ్చట మొదలువెట్టినప్పుడల్లా మీ నాన్న లేచి బయటికి పోతడు. పిల్ల సదువు నేనే ఆపిన అని గిప్పటికీ అనుకుంటడు."

పన్నెండేళ్లు. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. బాల్కనీలోకి వెళ్తే ఆయన మోగని ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఆ రోజు అలా మాట్లాడకపోతే నేను ఏమయ్యేదాన్నో తెలియదని, ఇప్పుడున్న బతుకు మాత్రం ఆయన పెట్టిందేనని, ఆ వారం రోజులు మాట్లాడకుండా ఆయన్ని ఏడిపించినందుకు సిగ్గుగా ఉందని, తడబడుతూనే చెప్పాను. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మరి గిన్నేండ్లు చెప్పకపోతివి బిడ్డా."

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, మిగతా కథ ఆయన్నే చెప్పమన్నాను. మొదట వద్దన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, భుజాలు వంచి మొదలుపెట్టాడు. నాకంటే చాలా బాగా చెప్పాడు. ఇంజినీరు మాట, కిరాయి వాళ్లావిడ చూపు, నా దగ్గు, ఏదీ వదల్లేదు. అందరూ పడి పడి నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. ఇన్నేళ్లూ నాదనుకుని చెప్పుకు తిరిగిన కథను ఆయన నోట వింటూ ఎక్కువసేపు కూర్చోలేక, కంచాలు తీసే నెపంతో ఈసారి నేనే లేచి వంటింట్లోకి వెళ్లాను.